పాట ఇప్పుడు ఎవరి దగ్గరుంది?

రెండేళ్ల కిందట అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. అమ్మ ఉండేది తెనాలిలో. చెల్లెలిది పక్క వీధే. నేను హైదరాబాద్‌లో, తమ్ముడు డల్లాస్‌లో. ముగ్గురం కలిసి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. అందులో మాటలన్నీ దాదాపు నావే. ఏ డాక్టరు, ఎన్ని రోజులు, ఫిజియోథెరపీకి మనిషిని ఇంటికి పిలిపించాలా, మనమే తీసుకెళ్లాలా, అన్నీ నేనే తేల్చేసేవాణ్ణి. తమ్ముడు డబ్బు పంపేవాడు, రాత్రిళ్లు వీడియో కాల్‌లో అమ్మని నవ్వించేవాడు. చెల్లెలు రాసేది ఒకటే ముక్క: 'సరే అన్నయ్యా.'

నెలన్నర గడిచాక ఒక రోజు చెల్లెలికి ఫోన్ చేసి, అమ్మ మాత్రలు వేసుకుంటోందా అని మామూలుగా అడిగాను. అది ఉన్నట్టుండి ఏడ్చింది. తెల్లారుజామున ఐదింటికి లేచి తనింట్లో వంట ముగించుకుని, ఇక్కడికొచ్చి అమ్మకి స్నానం చేయించి, కట్టు తడవకుండా పాలిథిన్ కవరు చుట్టి, మళ్లీ పిల్లల్ని బడికి దింపి, మధ్యాహ్నం మళ్లీ వచ్చి... ఆ లెక్క వింటుంటే నాకే ఆయాసం వచ్చింది. చివర్న కళ్లు తుడుచుకుని, "మీరిద్దరూ అమ్మని బాగానే చూసుకుంటున్నారులే, ఫోన్‌లో" అంది.

ఈ పుస్తకంలో ఇంతవరకు మాట్లాడటం గురించి చాలా చెప్పుకున్నాం. ఈ అధ్యాయం, ముగ్గురు కలిసి ఒక పని చేసేటప్పుడు ఎవరి గొంతు ఎప్పుడు పైన ఉండాలన్న దాని గురించి. నాకిది నేర్పినవి ఒక పాత రికార్డూ, దాని వెనకున్న కథా. చిన్నప్పట్నుంచీ త్యాగరాజ ఆరాధన కచేరీలు విని పెరిగినవాణ్ణి, పాశ్చాత్య సంగీతంలో నాకున్న జ్ఞానం అంతంత మాత్రమే. కాబట్టి మీకూ తెలియకపోతే ఇబ్బందేం లేదు.

దాన్ని పియానో ట్రయో అంటారు. పేరు వినగానే మూడు పియానోలు అనుకున్నాను నేను. కాదట. ఒక పియానో, ఒక వయొలిన్, ఒక చెల్లో. చెల్లో అంటే వయొలిన్ కుటుంబంలో పెద్దన్న లాంటిది. కుర్చీలో కూర్చుని మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయిస్తారు, గొంతు మగవాడి గొంతులా గంభీరంగా ఉంటుంది. ఇలాంటి సంగీతాన్ని పెద్ద హాళ్ల కోసం కాక ఇంట్లో గది కోసం రాసేవారు. మన కచేరీలో గాయకుడు ముఖ్యుడు, వయొలినూ మృదంగమూ పక్కవాద్యాలు. ఇక్కడ పక్కవాద్యం అంటూ ఎవరూ లేరు. ముగ్గురికీ సమాన హోదా. ఆ మాట కాగితం మీద చెప్పుకోవడానికి బాగుంటుంది. చిక్కల్లా పియానోతో వస్తుంది. ఎనభై ఎనిమిది మెట్లు, పది వేళ్లు, ఒక్కో మెట్టు నొక్కితే లోపల సుత్తి వెళ్లి తీగని కొడుతుంది. అది తలుచుకుంటే మిగతా ఇద్దరి గొంతూ వినపడనివ్వదు. ముఖ్యంగా చెల్లో కింది స్వరాలు దాని కింద ఇట్టే పూడుకుపోతాయి.

నేను విన్నది ఫెలిక్స్ మెండెల్సన్ 1839లో రాసిన డి మైనర్ ట్రయో. అప్పటికి ఆయనకి ముప్పై ఏళ్లు. జర్మనీలో లైప్‌జిగ్ నగరపు గెవాండ్‌హౌస్ వాద్యబృందాన్ని నాలుగేళ్లుగా నడుపుతున్న మనిషి, ఐరోపా అంతటా పేరు మోగిపోతున్న మనిషి. ట్రయో రాసి ముగించాక, చిన్ననాటి స్నేహితుడు ఫెర్డినాండ్ హిల్లర్‌కి వినిపించాడు. హిల్లర్ పారిస్‌లో చాలా ఏళ్లుండి, షోపాన్, లిస్ట్ లాంటి వాళ్లు పియానోని ఎలా కొత్త తోవ పట్టిస్తున్నారో దగ్గర్నుంచి చూసి వచ్చినవాడు. అంతా విని, బాగుందన్నాడు, ఆ వెంటనే పియానో భాగంలో కొన్ని చోట్ల పోకడ పాతబడినట్టుందని కూడా అన్నాడు. మెండెల్సన్‌కి మొదట ఆ మాట రుచించలేదు. మార్చినంత మాత్రాన సంగీతం మెరుగవుతుందా అని వాదించాడు. మిత్రులిద్దరూ దాని మీద చాలాసేపు కూర్చున్నారు. చివరికి మెండెల్సన్ పియానో భాగమంతా తిరగరాశాడు. ఈ సంగతి హిల్లరే తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు.

ఇక్కడ చాలామంది రచయితలైతే 'విమర్శని స్వీకరించండి' అని పెద్దక్షరాల్లో వేసి ముందుకెళ్లిపోతారు. నాకు ఆసక్తి కలిగించింది వేరే. మెండెల్సన్ స్వయంగా గొప్ప పియానిస్టు. ఆ ట్రయోని జనం ముందు మొదట వాయించినప్పుడు పియానో దగ్గర కూర్చున్నదీ ఆయనే. తిరగరాసేటప్పుడు తన వాద్యానికి పని కుప్పలు తెప్పలుగా పెంచుకున్నాడు. ముగ్గురి కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే పియానో కాగితం నల్లగా ఉంటుంది, చుక్కల మీద చుక్కలు. అంత పని తన నెత్తిన వేసుకుని, పాటని మాత్రం చెల్లోకి ఇచ్చాడు.

ట్రయో మొదలయ్యేదే చెల్లోతో. పియానో కింద గుండె దడదడలాడినట్టు తాళానికి ఎదురుగా మెత్తగా కొడుతుంటుంది. పైన చెల్లో నింపాదిగా, బెంగగా ఒక పాట అందుకుంటుంది. కాసేపటికి వయొలిన్ వచ్చి చేరుతుంది. ఆ తర్వాత నిముషాల తరబడి పియానో నీటి ధారలా పరుగెత్తుతూనే ఉంటుంది. పాట మాత్రం ఎక్కువసేపు ఆ తీగ వాద్యాల దగ్గరే ఉంటుంది.

అది విన్నాక నాకు చెల్లెలు గుర్తొచ్చింది. మా ముగ్గురిలో పియానో అది. చెల్లో నేను. వాయించే స్వరాలు తక్కువ, వినపడే పాట ఎక్కువ.

మీరూ ఇప్పుడొక కాగితం తీసుకోండి. మీరు మరో ఇద్దరితో కలిసి చేసే పని ఒకటి తలుచుకోండి, ఇల్లయినా సరే, దుకాణమైనా సరే. మధ్యలో నిలువుగా గీత గీయండి. ఒక పక్క పని ఎవరిది ఎంతో రాయండి. రెండో పక్క, బయటివాళ్లకి ఎవరి గొంతు వినపడుతుందో రాయండి. మా కాలనీ చివర ముగ్గురు కలిసి నడిపే కర్రీ పాయింట్ ఒకటుంది. ఒకాయన గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు, నోరు మంచిది, 'మేడమ్, ఇవాళ గుత్తివంకాయ అదిరింది' అంటూ ఉంటాడు. రెండో ఆయన మూడింటికి లేచి బండేసుకుని మార్కెట్‌కి పోతాడు. మూడో ఆయన పొయ్యి దగ్గర. 'మీ గుత్తివంకాయ భలే ఉందండీ' అని వీధంతా గల్లాపెట్టె ఆయనతోనే అంటుంది. పొయ్యి దగ్గరాయన పేరు నాకూ తెలీదు, నాలుగేళ్ల నుంచి తింటున్నాను. తప్పు ఆయన తక్కువగా మాట్లాడటంలో లేదు. ఆ రెండు నిలువు వరసల్నీ ముగ్గురిలో ఎవరూ పక్కపక్కన పెట్టి చూసుకోకపోవడంలో ఉంది.

ఇక రికార్డు సంగతి. ఈ ట్రయో చాలామంది వాయించారు, ఫోన్‌లో వెతికితే బోలెడు దొరుకుతాయి. నేను చెప్పేది 1927 జూన్‌లో లండన్‌లో చేసిన రికార్డు. పియానో ఆల్ఫ్రెడ్ కోర్టో, వయొలిన్ జాక్ టిబో, చెల్లో పాబ్లో కజాల్స్. ముగ్గురూ ఎవరికి వారే సభని నింపగలిగిన మహా విద్వాంసులు. అయినా ఏడాదిలో కొన్ని రోజులు వీలు చేసుకుని కలిసి వాయించేవాళ్లు. అప్పటికి ఇరవై ఏళ్ల పైబడిన జట్టు వాళ్లది.

1925 దాకా రికార్డింగంటే పెద్ద కొమ్ము బూరా ముందు నిలబడి గట్టిగా వాయించడమే. మైక్రోఫోన్ వచ్చాక గదిలో వాయించుకునే సంగీతాన్ని కాస్త ఉన్నదున్నట్టు పట్టడం కుదిరింది. అయితే తాతల కాలపు గ్రామఫోన్ ప్లేటు చూసినవాళ్లకి తెలుసు, ఎంత పెద్ద ప్లేటైనా ఒక వైపుకి నాలుగు నిముషాల పైచిలుకే పడుతుంది. ట్రయో మొదటి భాగమొక్కటే దానికి రెట్టింపు పొడుగు. అంటే పాట మంచి ఊపులో ఉండగా ఆపి, ఇంకో మైనం పలక సిద్ధమయ్యేదాకా ఆగి, మళ్లీ అదే వేగంతో, అదే వేడితో అందుకోవాలి. మైనం మీద దిద్దుబాటు కుదరదు. ఒక్కరి వేలు జారితే ముగ్గురూ ఆ వైపంతా మళ్లీ వాయించాలి. లేదా ఆ తప్పుని అలాగే ఉంచేయాలి. కోర్టో తప్పు స్వరాలకి పేరుపడ్డ మనిషి, ఆయనంటే ప్రాణం పెట్టేవాళ్లు కూడా ఒప్పుకుంటారు. ఎన్నో ఆయన రికార్డుల్లో ఉండిపోయాయి. ఉండనీ. ఇవాళ్టి రికార్డుల్లో తప్పులు వెతికినా దొరకవు, నా మటుకు నాకు మళ్లీ వినాలనిపించేవీ తక్కువే.

శబ్దం పాతది, వెనకాల సన్నగా వాన కురిసినట్టు గరగర ఉంటుంది. రెండు నిముషాల్లో చెవి దాన్ని మరిచిపోతుంది. టిబో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ వెళ్తాడు. ఇప్పటి వయొలిన్ వాళ్లు అంతలా జారరు, పాత పద్ధతి అంటారు. మన చెవులకి జారు కొత్త కాదు కాబట్టి బాగానే పడుతుంది.

వినే పద్ధతి చెబుతాను. మొత్తం ట్రయో అరగంట లోపే. ఒక్కసారిగా వినక్కర్లేదు. మొదటి రోజు మొదటి భాగం ఒక్కటే పెట్టుకోండి. చెవిలో ఇయర్‌ఫోన్, చేతిలో వేరే పని లేకుండా. ముందుసారి చెల్లోని మాత్రమే వెంబడించండి. అది తేలిక. రెండోసారి పియానోని మాత్రమే వెంబడించండి. ఇదే కష్టం. చెల్లో పాడుతుంటే చెవి అటే పోతుంది, మళ్లీ మళ్లీ వెనక్కి లాక్కురావాలి. సంతలో తప్పిపోయిన పిల్లాణ్ణి చెయ్యి పట్టి లాక్కొచ్చినట్టు ఉంటుంది. మూడు నిముషాలు నిలిచిందంటే మీరు గట్టివాళ్లే. నాకు వారం పట్టింది. ఆ వారంలో ఒక సంగతి తెలిసింది: కోర్టో మెత్తబడేది వేగం తగ్గించి కాదు. వేళ్లు అదే పరుగు పరుగెడుతుంటాయి, బరువు మాత్రం తీసేస్తాడు. చెల్లో వాక్యం ముగిసి ఊపిరి తీసుకునే సందులో ఒక్క క్షణం పైకి లేస్తాడు, మళ్లీ దిగుతాడు.

ఇదంతా విని నేనేం చేశానో చెప్పాలి, ఎందుకంటే మీరూ అదే చేస్తారని నా భయం. చెల్లెలు ఏడ్చిందని సిగ్గుపడి, నోరు మూసుకున్నాను. గ్రూపులో ఏదడిగినా 'నీ ఇష్టం అమ్మా, నువ్వెలా అంటే అలా' అని రాయడం మొదలుపెట్టాను. తగ్గాననుకున్నాను. పది రోజులకి దాని గొంతు ఇంకా చిన్నదైంది. అడగ్గా అడగ్గా చెప్పింది. "ఇంతకు ముందు పనే నాది. ఇప్పుడు ఆలోచించడం కూడా నాదే అయింది."

మళ్లీ ట్రయో పెట్టుకుని మొదట్నుంచీ విన్నాను. కజాల్స్ పాట అందుకున్నప్పుడు ఏమాత్రం మొహమాటపడడు. 'పాపం పియానో ఎంత కష్టపడుతోందో' అని అతను విల్లు తేలిక చేశాడనుకోండి, కింద పియానో పరుగుకి అర్థమే లేకుండా పోతుంది. పాట మీ దగ్గర ఉన్నప్పుడు పాడాలి. 'నీ ఇష్టం' అనడం పాటని అప్పగించడం కిందికి రాదు, విల్లు కింద పెట్టి కుర్చీలో వెనక్కి వాలడం అది. మన ఇళ్లల్లో మంచితనం పేరు మీద ఇది ఎంతగా జరుగుతుందో! పెద్దకొడుకు 'మీ ఇష్టం' అంటాడు, కోడలు 'మీ ఇష్టం' అంటుంది, చివరికి నిర్ణయమంతా నోరులేని ఒక మనిషి నెత్తిన పడుతుంది.

మరి పియానోకి పాట దక్కేదెప్పుడు? రెండో భాగం మొదట్లో. అక్కడ మెండెల్సన్ వయొలిన్‌నీ చెల్లోనీ పూర్తిగా ఆపేశాడు. పియానో ఒక్కటే, ప్రశాంతంగా, ఇల్లంతా నిద్రపోయాక వంటింట్లో దీపం దగ్గర తనలో తాను పాడుకుంటున్నట్టు, పాట ఎత్తుకుంటుంది. మిగతా ఇద్దరూ విల్లు దించుకుని కూర్చుంటారు. ఆ తర్వాత వయొలిన్ అదే పాటని అందుకుంటుంది, చెల్లో దానికి తోడు కలుస్తుంది. ముందు విన్నారు, తర్వాత విన్నదాన్నే తిరిగి పలికారు. అప్పుడు గానీ తమ సొంతం కలపలేదు.

మొదటి భాగంలోనూ ఇలాంటిదే ఒకటుంది. మొట్టమొదట చెల్లో పాడిన పాట చివర్లో మళ్లీ వస్తుంది. చెల్లోదే పాట, ఏమీ తగ్గించలేదు. అయితే ఈసారి దాని పైన వయొలిన్ తన సొంత వరస ఒకటి అల్లుతుంది. రెండోసారి వచ్చేటప్పటికి ఆ పాట ఒక్కరిది కాదు. దీన్ని పనిలో పెట్టడం ఎలాగంటే, నిర్ణయం చెప్పాల్సినవాళ్లు చెప్పండి, కానీ రెండోసారి చెప్పేటప్పుడు పక్కవాళ్లు కలిపిన ముక్క అందులో వినపడాలి. ఆఫీసు మీటింగులో అయితే, పనంతా మోసేవాళ్లకి మొదటి ఐదు నిముషాలు ఇవ్వండి, చివరి ఐదు కాదు. చివరి ఐదు నిముషాలకి అందరూ లేచి టీకి పోతుంటారు.

కజాల్స్ గురించి ఇంకొంచెం. స్పెయిన్‌లో ఫ్రాంకో నియంతృత్వం వచ్చాక ఆయన దేశం విడిచాడు. ఆ ప్రభుత్వాన్ని గుర్తించిన దేశాల్లో కచేరీ చేయనని పట్టుబట్టాడు. అటు కోర్టో రెండో ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ ఆక్రమణకి లొంగిన ఫ్రాన్స్ ప్రభుత్వం కొలువులో ఉన్నాడు. వాళ్ల జట్టు ఎప్పుడో విడిపోయింది, ఆ తర్వాత మనసులూ విరిగాయి. టిబో 1953లో ఆల్ప్స్ కొండల్లో విమానం కూలి చనిపోయాడు. 1958లో, ఇద్దరికీ ఎనభై దాటాక, కజాల్స్, కోర్టో ఫ్రాన్స్‌లోని ప్రాడ్ ఊళ్లో మళ్లీ కలిసి వాయించారు. ఇరవై ఏళ్లు కలిసి వాయించినవాళ్లు కూడా ఒకరి గొంతు ఒకరు వినలేని రోజులు వస్తాయి. ఏ చిట్కా పుస్తకమూ, నాది సహా, దానికి పూచీ పడదు.

1961 నవంబర్ 13న, ఎనభై నాలుగేళ్ల వయసులో, కజాల్స్ తన పట్టు కాస్త సడలించి అమెరికాలో శ్వేతసౌధంలో కెన్నెడీ దంపతుల ముందు వాయించాడు. అంతకు ముందు ఆయన అక్కడ వాయించింది 1904లో, థియోడర్ రూజ్‌వెల్ట్ అధ్యక్షుడిగా ఉండగా. ఈసారి మెండెల్సన్ డి మైనర్ ట్రయోనే ఎంచుకున్నాడు. పియానోకి మీచిస్వావ్ హోర్షోవ్‌స్కీ, వయొలిన్‌కి అలెగ్జాండర్ ష్నైడర్. అది కూడా రికార్డుగా వచ్చింది. 1927 నాటి నున్నదనం ఇందులో లేదు, చెల్లో గొంతు కాస్త గరుకెక్కింది, అక్కడక్కడ విల్లుతో పాటు ఆ ముసలాయన మూలుగు కూడా వినపడుతుంది. నాకు ఇష్టమైనది మాత్రం ఇందులో హోర్షోవ్‌స్కీ. ముసలి చెల్లో ఊపిరి ఎక్కడ ఆగుతుందో ఆయనకి ముందే తెలిసినట్టుంటుంది. అక్కడ చోటు వదిలి ఉంచుతాడు. రెండు రికార్డుల్లోనూ మొదటి రెండు నిముషాలు ఒకదాని తర్వాత ఒకటి వినండి. ఒకే కాగితం, ఒకే చెల్లో మనిషి, ముప్పై నాలుగేళ్ల తేడా.

మా ఇంట్లో ఇప్పుడు ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఫోన్ మాట్లాడుకుంటాం. మొదట చెల్లెలు. అది చెప్పేది ముగిసేదాకా నేనూ తమ్ముడూ మ్యూట్‌లో ఉంటాం. నిజం చెప్పాలంటే మొదట్లో మ్యూట్ నొక్కింది నన్ను నేను నమ్మలేకే. తర్వాత తమ్ముడు అది చెప్పింది తన మాటల్లో తిరిగి చెబుతాడు, ఏమైనా తప్పితే అది దిద్దుతుంది. అప్పుడు నేను ఏం చేద్దామో చెబుతాను. చెప్పడం మానలేదు. పోయిన వారం అమ్మ రెండో మోకాలి గురించి మొదలైంది. డాక్టరు ఏమన్నాడో, అమ్మ ఏమందో, మెట్లెక్కేటప్పుడు ఏ చెయ్యి గోడకి ఆనిస్తోందో, ఏ మాత్ర పడట్లేదో, పదిహేను నిముషాలు చెప్పుకొచ్చి ఆగింది.

"అన్నయ్యా, లైన్‌లో ఉన్నావా?"

మ్యూట్ తీసి, ఉన్నానన్నాను.

"మరేంటి చప్పుడే లేదు" అని, మళ్లీ ఆ మాత్ర దగ్గర్నుంచి అందుకుంది.